ఉడకని దుంప

ముసురు పట్టి పదకొండు రోజులైంది. గాన్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో తలుపులు ఉబ్బి మూతపడటం మానేశాయి, ఉతికిన బట్టలు ఆరటం మానేశాయి, జనానికి ఆకలి వెయ్యటం మానేసింది. తూర్పువీధి మందుల దుకాణానికి మాత్రం అది రద్దీ కాలం. పొద్దున్నే తలుపు తీసేసరికి పొట్ట పట్టుకున్నవాళ్లు గుమ్మంలో నిలబడి ఉండేవాళ్లు. తేన్పులవాళ్లు, వికారంవాళ్లు, గుండె కింద రాయి పెట్టినట్టుందనేవాళ్లు.

వాన్ సూచిన్ ఆ దుకాణంలో ఇరవై రెండేళ్లుగా మందు దినుసులు తూస్తోంది. నలభై నాలుగేళ్ల మనిషి. చెయ్యి చురుకు, మాట పొదుపు. వైద్యుడు రాసిన చీటీ చూసి, గోడ నిండా ఉన్న సొరుగుల్లోంచి దినుసులు తీసి, చిన్న తక్కెడలో తూచి, కాగితం పొట్లాలు కట్టి ఇవ్వటం ఆమె పని. ఆ రోజు పదకొండు గంటలకి జనం పలచబడ్డాక బల్ల తుడుస్తుంటే గుడ్డ కింద ఒక ముక్క తగిలింది. గోరంత ముక్క. బాన్‌షియా అని చూడగానే తెలిసింది. పారెయ్యకుండా, చేతి అలవాటు కొద్దీ పళ్ల మధ్య పెట్టి కొరికింది.

నాలుక మీద సూదులు గుచ్చుకున్నాయి.

గబుక్కున ఉమ్మేసి నీళ్లు పుక్కిలించింది. అయినా నాలుక చివర చిమచిమలాడుతూనే ఉంది.

బాన్‌షియా అంటే సగంవేసవి అని అర్థం. ఎండాకాలం సగంలో తవ్వే దుంప గనుక ఆ పేరు. కందకీ చేమకీ చుట్టం. పచ్చిది నమిలితే గొంతు వాచి మాట పడిపోతుంది. ఎక్కువ పడితే ఊపిరే ఆడదు. అదే దుంపని నానబెట్టి, కోసి, అల్లంతోనూ పటికతోనూ ఉడికించి ఆరబెడితే వికారానికీ పొట్ట బిగువుకీ దాన్ని మించిన మందు లేదు. గుండె కింది బరువు దింపే కషాయంలో ఏడు దినుసులుంటే, చీటీ మీద మొదటి పేరు దానిదే.

సూచిన్ సొరుగు లాగింది. పొద్దున్నించీ కరెంటు లేదు. గుప్పెడు ముక్కలు తీసుకుని వీధి గుమ్మం దాకా వెళ్లి వెలుతురులో చూసింది. ఉడికిన ముక్కైతే గోరు రంగులో, కాస్త అద్దంలా ఉండాలి. ఇవి బొగ్గుల పొగ పట్టి పైపైన పసుపెక్కాయి. విరిస్తే లోపల సున్నంలా తెల్లగా ఉంది.

ఆ సొరుగులోంచి పొద్దున తనే తూచి ఇచ్చింది. చీకట్లో, మెడ వంచుకుని, వరసగా అరడజను చీటీలకి పొట్లాలు కడుతూ, ముక్క వంక సరిగ్గా చూడకుండా ఇచ్చింది.

పెరట్లో రేకుల పందిరి కింద షియోంగ్ గురువుగారు బొగ్గుల కుంపటి ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఒకటి నిండాయి. సూచిన్‌కి దినుసుల వాసన, రుచి, తూకం అన్నీ నేర్పింది ఆయనే. ముసురు రోజుల్లో చెమ్మ పట్టిన దినుసుల్ని వెదురు జల్లెడల్లో పోసి కుంపటి సెగన ఆరబెట్టడం, ఆరినవి తెచ్చి సొరుగులు నింపడం ఆయన పని. రెండేళ్లుగా ఆయన కళ్లకి పొర కమ్ముతోంది. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు, ఆయనతో ఎవరూ అనలేదు.

"గురువుగారూ, పొద్దున బాన్‌షియా సొరుగు నింపింది మీరేనా?"

"నేను కాక ఇంకెవరు? నువ్వప్పటికి ఇంకా జడేసుకుంటున్నావు."

"ఏ జల్లెడలోంచి తీశారు?"

"కుడిచేతి పక్కది."

"ఉడికినవి ఎడంపక్క ఉన్నాయండీ. కుడిపక్కవి నానబెట్టి కోసినవి. రేపు ఉడికిద్దామని మీరే అన్నారు."

ఆయన చెయ్యి చాచాడు. ఆమె ముక్క పెట్టింది. కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చూశాడు, వేళ్ల మధ్య రుద్దాడు, మళ్లీ చూశాడు.

"ఎంతమందికి వెళ్లింది?"

"చీటీలు తిరగేశాను. ఇద్దరికి. సేమ్యా అమ్మే నియె పెద్దమ్మకి, నది అవతల పెంకుల బట్టీ ఊళ్లో ఝాన్ మావ్‌షెంగ్ అనే ఆయనకి. ఆయన భార్య వచ్చి తీసుకెళ్లింది. మూడేసి పొట్లాలు."

గురువు కాసేపు బొగ్గులు కదిపాడు. "ఏం కాదులే. ఆ కషాయంలో శొంఠి ఉంది, అతిమధురం ఉంది. గంటసేపు మరగాలి, వడకట్టి మళ్లీ మరగాలి. అంత ఉడికాక పచ్చిదేంటి, పండుదేంటి?"

"గంట మరిగిస్తారో, పావుగంటకే దించేస్తారో ఎవరు చూడొచ్చారు? ఈ ముసుర్లో ఎవరి పొయ్యి సరిగ్గా మండుతోంది?"

"వాళ్లెవరూ వచ్చి అడగలేదుగా. కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"దురద కందకే ఉందండీ. అదే నా భయం."

"వెళ్లి చెప్పావంటే సాయంత్రానికల్లా ఊరంతా పాకుద్ది. తూర్పువీధిలో విషం కట్టి ఇస్తున్నారంటారు. ఆ తర్వాత మన గుమ్మం ఎవరు తొక్కుతారు?"

సూచిన్ వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్లి ఆ సొరుగు మొత్తం ఊడబెరికి బూడిదకుండలో బోర్లించింది. ఎడంపక్క జల్లెడలోంచి ఉడికిన ముక్కలు తెచ్చి, ఒక్కొక్కటీ గుమ్మం వెలుతురులో చూసి, కొత్తగా ఆరు పొట్లాలు కట్టింది. ప్రతి పొట్లాన్నీ రెండుసార్లు తూచింది. సంచిలో పొట్లాలు, ఒక పచ్చి అల్లం కొమ్ము వేసుకుని గొడుగు తీసింది. పెరట్లోంచి ఆయన పిలుస్తున్నట్టే ఉంది. వినపడనట్టు వీధిలోకి దిగింది.

నియె పెద్దమ్మ సేమ్యా కొట్టు బజారు చివర. సూచిన్ వెళ్లేసరికి ముసలామె బల్ల వెనక పీట మీద కూర్చుని పొట్ట నిమురుకుంటోంది. పక్కన చిన్న కుంపటి మీద మట్టికుండ బుడబుడలాడుతోంది. చేదు వాసన.

"తాగావా పెద్దమ్మా?"

"ఇంకా లేదే. ఇప్పుడే పొంగు వచ్చింది. ఏం, నువ్వు కూడా ఓ గిన్నె..."

సూచిన్ పైట కొంగు చుట్టినట్టు చొక్కా చేతిని వేళ్లమీదికి లాక్కుని, కుండ ఎత్తి కాలవలో వంచేసింది. సేమ్యా తింటున్న ముగ్గురు గిన్నెలు పట్టుకునే లేచి నిలబడ్డారు.

"నీకేమన్నా పూనిందా? పొద్దున్నించీ విసిరి విసిరి నా చెయ్యి పడిపోయింది."

"పొరపాటు దినుసు పడింది పెద్దమ్మా. మిగిలిన రెండు పొట్లాలు ఇటివ్వు. ఇవిగో మంచివి."

"పొరపాటంటే?"

సూచిన్ చుట్టూ చూసింది. ముగ్గురూ నోట్లో సేమ్యా నమలకుండా వింటున్నారు. "ఉడకని బాన్‌షియా పడింది. తాగితే గొంతు పట్టేస్తుంది."

ముసలామె గొంతు తడుముకుంది. "ఆ గొంతే నా వ్యాపారం కదే. అరవకపోతే ఇక్కడెవడు ఆగుతాడు?" పొట్లాలు ఇచ్చేస్తూ మళ్లీ అంది, "పో, పో. ఇంకెవరికో కూడా ఇచ్చుంటావు, నీ మొహం చూస్తే తెలుస్తోంది. తిట్లు తర్వాత తిందువుగాని."

రేవులో పడవ ఉంది గానీ పడవవాడు కదలలేదు. నీళ్లు ఎర్రగా తిరుగుతున్నాయి. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన దుంగలు పోతున్నాయి. ఎనిమిదిమంది కూడితేగాని తాడు విప్పనన్నాడు. సూచిన్‌తో కలిపి అప్పటికి ముగ్గురు.

ఆమె రేవు మెట్ల మీద పైకీ కిందికీ తిరిగింది. ఆ భార్య మొహం గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఎర్ర ప్లాస్టిక్ చెప్పులు గుర్తొచ్చాయి, తడిసిన చెవుల పక్క జుట్టు గుర్తొచ్చింది. "ఎంతసేపు కాచాలక్కా?" అని అడిగింది. అడిగినట్టు బాగా గుర్తు. తనేం చెప్పింది? గంట అని చెప్పిందా? చెప్పాలని నోరు తెరిచి, పక్కవాడు చీటీ చాపితే అటు తిరిగిందా? రోజుకి ముప్పైమందికి చెప్పే మాట. చెప్పిన మాటా చెప్పని మాటా ఇప్పుడు ఒకటిగా కలిసిపోయాయి.

"అమ్మా, నువ్వట్టా తిరిగితే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అన్నాడు పడవవాడు.

"ఎనిమిదిమంది కిరాయీ నేనే ఇస్తాను, పడవ తియ్యి."

"ఏమంత మునిగిపోయింది?"

"నేనిచ్చిన మందు తాగి అవతల ఒకాయన గొంతు మూసుకుపోతూ ఉండొచ్చు."

పడవవాడు ఆమె వంక చూశాడు. గడ్డిటోపీ సర్దుకున్నాడు. తాడు విప్పాడు.

అవతలి ఒడ్డున దిగాక బట్టీ ఊరు కొండవాలు మీద. మోకాలిదాకా దిగబడే ఎర్రమన్ను. రెండుసార్లు పడింది, ఒకసారి గొడుగు విరిగింది. వాన తెరిపివ్వక బట్టీలు పది రోజులుగా చల్లారి ఉన్నాయి. కాల్చని పెంకులు తాటాకు చాపల కింద దొంతర్లుగా పడి ఉన్నాయి. మనుషుల జాడ లేదు. ఓ ముసలాయన కిటికీలోంచి చెయ్యి చూపించి, "చివరిల్లు. పొగ వస్తుంటుంది చూడు," అన్నాడు.

చివరింటి కప్పు మీద పొగ లేదు.

ఆ పాతిక అడుగులూ సూచిన్ ఎలా నడిచిందో తర్వాత ఎప్పుడు తలుచుకున్నా గుర్తుకు రాలేదు. తలుపు తోసింది. లోపల ఒక సన్నటి పొడుగాటి మనిషి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పెద్ద గిన్నెలో అన్నంగంజి జుర్రుకుంటున్నాడు. ఎర్ర చెప్పుల మనిషి పొయ్యి ఊడుస్తోంది.

"నువ్వా అక్కా," అంది ఆమె ఆశ్చర్యంగా. "ఈ వానలో?"

"మందు తాగాడా?"

మావ్‌షెంగ్ గిన్నె దించాడు. గొంతు బొంగురుగా ఉంది గానీ మొహం వెలిగిపోతోంది. "తాగానక్కా. మూడేళ్లయింది నేను గిన్నెడు గంజి పూర్తిగా తాగి. ఇక్కడ ఉండేది రాయి," అని రొమ్ము కింద వేళ్లతో పొడుచుకున్నాడు. "దిగిపోయింది. మీ దుకాణానికి దండం పెట్టుకుందాం అనుకుంటున్నా, నువ్వే వచ్చావు."

సూచిన్ గుమ్మానికి ఆనుకుంది. ఒక్క క్షణం నవ్వు వచ్చేలా అనిపించి, కళ్లల్లో నీళ్లు వచ్చాయి. "గొంతు అలా ఉందేం?"

"కొంచెం గరగర. నాలుక మీద చీమలు పాకినట్టుంది. మందు పని చేస్తున్న గుర్తేగా."

"కాదు. ఎంతసేపు మరిగించావమ్మా?"

"గంట అన్నావు కదక్కా నువ్వు," అంది భార్య జూయింగ్. "కట్టెలు తడిసిపోయి మంట నిలవలేదు. ఆరి, ముట్టించి, ఆరి, ముట్టించి రెండు గంటలు పట్టింది. నా కళ్లు చూడు, పొగకి ఎట్టా అయినాయో."

అయితే తను చెప్పిందన్నమాట. సూచిన్ సంచిలోంచి కొత్త పొట్లాలు తీసింది. "మిగతా రెండూ నాకిచ్చెయ్యండి. వాటిల్లో తప్పు దినుసు పడింది. ఇవి సరైనవి."

మావ్‌షెంగ్ చెయ్యి మెల్లిగా వెనక్కి పోయింది. చాప వెనక ఉన్న పొట్లాల మీద పడింది.

"ఏ దినుసు?"

"బాన్‌షియా. ఉడికించకముందుది."

"అంటే మంచిదే పడిందన్నమాట."

"విషం అది."

"విషమైతే నేనెందుకు బతికున్నా?" మనిషి నవ్వాడు. "అక్కా, మూడేళ్లుగా మీ ఉడికించిన మందులు బోలెడు తాగా. ఏం దిగలా. ఇవాళ పొరపాటున ఏదో బలమైన సరుకు పడింది, దిగింది. ఇప్పుడు వానలో పరిగెత్తుకొచ్చి వెనక్కి లాక్కుపోతానంటావు. బట్టీలో పనిచేస్తే మట్టి బుర్ర అనుకున్నావా?"

"ఇచ్చెయ్యవయ్యా," అంది జూయింగ్.

"నువ్వూరుకో. ఎల్లుండి ఎండొస్తే బట్టీ ముట్టిస్తారు. పగలూ రాత్రీ అక్కడే ఉండాలి. అక్కడ కషాయాలు ఎవడు కాస్తాడు? ఈ ముక్కలు దంచి పొడి చేసి నీళ్లతో మింగుతా. ఈ బట్టీలో పొట్టనొప్పి నాకొక్కడికేనా? అందరికీ తలా చిటికెడు పెడతా."

అతను ఒక పొట్లం మోకాలి పక్కకి లాగి విప్పాడు. మరిగించకుండా, పొడి చేసి, తలా చిటికెడు. ఆమె చెప్పింది, బతిమాలింది, గొంతు పెంచింది. దుంప ఏమిటో, ఎందుకు ఉడికించాలో, ఊపిరి ఎలా ఆగుతుందో చెప్పింది. చెప్పేకొద్దీ అతని కళ్లల్లో అనుమానం గట్టిపడింది. అమ్మేవాళ్లు సరుకుని అంతగా తిడితే కొనేవాడికి ఇంకా ఆశ పుడుతుంది.

"అసలు తప్పెవరిది?" అన్నాడు చివరికి. "ఎవరో ఒకరు వేశారుగా ఇందులో."

"నాది. తూచింది నేను."

"తూచేది నీ పనే అయితే, ఇరవై ఏళ్లుగా తూచే దానివి తప్పెందుకు తూస్తావు? నేన్నమ్మను."

సూచిన్ ముందుకి వంగి, అతని మోకాలి పక్కన విప్పి ఉన్న పొట్లంలోంచి ఒక ముక్క తీసింది. "ఇది ఎందులోదో చూశావు కదా?" అంది. నోట్లో వేసుకుని నమిలింది.

మొదట ఏమీ లేదు, పిండి రుచి. తర్వాత నాలుక మీద, దవడల్లో, అంగిట్లో ఒక్కసారిగా వెయ్యి ముళ్లు దిగాయి. అప్పుడైనా ఉమ్మెయ్యొచ్చు. అతను ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. ఇంకో నాలుగు నమలు నమిలి గుమ్మం బయటికి ఉమ్మింది. లాలాజలం ఆగకుండా కారింది. నాలుక నోట్లో పట్టనట్టు ఉబ్బుతోంది. ఏదో చెప్పబోతే గాలి మాత్రమే వచ్చింది. గొంతు మీద చెయ్యి పెట్టుకుని చతికిలబడింది.

జూయింగ్ కెవ్వుమంది. మావ్‌షెంగ్ గంజి గిన్నె తన్నుకుని లేచాడు. "ఏమైంది అక్కా? ఏం చెయ్యాలి చెప్పు."

ఆమె సంచి చూపించింది. జూయింగ్ తడిమి అల్లం కొమ్ము పట్టుకుంది. ఎందుకో అడగలేదు. పొత్రంతో చితక్కొట్టి, గుడ్డలో పిండి, ఆ రసం చెంచాతో పట్టింది. మంట మీద మంట. సూచిన్ కళ్లు మూసుకుని కొంచెం కొంచెం మింగింది.

ఊపిరి తేలికగా ఆడుతోందని నమ్మకం కుదిరాక కళ్లు తెరిచింది. మావ్‌షెంగ్ రెండు పొట్లాలూ ఆమె ఒళ్లో పెట్టి, కాస్త దూరంగా గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"మరి నేను? నేను చస్తానా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అది చాలినట్టు లేదు. పొయ్యిలోంచి ఆరిన బొగ్గు తీసుకుని, అక్కడున్న పెంకు మీద రాసింది. జూయింగ్ కూడబలుక్కుంటూ చదివింది. "చావవు. అల్లం రసం నువ్వూ తాగు."

తాగాడు. మూతి తుడుచుకుని, తప్పుచేసినవాడిలా అడిగాడు. "మరి నా బరువెట్టా దిగింది?"

సూచిన్ పెంకు తిప్పి రెండోపక్క రాసింది. జూయింగ్ చదివి, మొగుడి వంక చూసి, మళ్లీ గట్టిగా చదివింది. "మిగతా ఆరు దినుసులు. నీ భార్య రెండు గంటల పొగ."

ఆమె తిరిగి దుకాణానికి వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. గురువు బల్ల వెనక నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లాక ఎవరికీ ఏమీ అమ్మినట్టు లేదు. ఆమె ఉబ్బిన పెదాలు కనపడ్డాయో లేదో గానీ, పలకరిస్తే జవాబు రాకపోవటం అర్థమైంది. పెరట్లోకి వెళ్లి పలచటి గంజి కాచి తెచ్చి ముందు పెట్టాడు. ఆమె రాసి చూపించబోయి, ఆయనకి అక్షరాలు ఆనవని గుర్తొచ్చి కలం కింద పెట్టింది.

మర్నాడు ఆయన దుకాణానికి రాలేదు. తొమ్మిదైంది, పదైంది. ఆయన గదికి తాళం. ఎడంపక్క జల్లెడలోంచి మూడు కషాయాలకి సరిపడా ముక్కలు తగ్గాయి. ఆయన నది దాటి బట్టీ ఊరికి వెళ్లాడని ఆమెకి అప్పుడు తట్టింది. రాత్రికి రాత్రి నది ఇంకో రెండు మెట్లు ఎక్కింది. రేవు వైపు చూపు పెట్టుకుని, చీటీ చీటీకీ దినుసులు గుమ్మం దాకా మోసుకెళ్లి చూసుకుంటూ, గాలిలాంటి గొంతుతో జనానికి జవాబు చెప్పుకుంటూ, ఆ పూటంతా నిలబడలేక కూర్చోలేక గడిపింది. కాలు జారితే ఆ కళ్లకి ఒడ్డెటుందో తెలియదు.

మూడు గంటలకి వచ్చాడు. తొడల దాకా ఎర్రమన్ను. ఎవరిదో గడ్డిటోపీ.

"కూర్చుని తాగించి వచ్చా," అన్నాడు పీట లాక్కుంటూ. "మొదటి గుక్క నేను తాగాకే వాడు ముట్టాడు. పెరట్లో కుండెడు ఊరబెట్టిన వెదురుమొలకలు పెట్టుకున్నాడు వెధవ. పుల్లగా, కారంగా. మూడుపూటలా అదే. ఆ పొట్టకి మన కషాయం ఏం చేస్తుంది? నోరారా తిట్టి, మానమని చెప్పి వచ్చా."

"మీరు వెళ్లేటప్పుడు నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"నువ్వు చెప్పి వెళ్లావా?" కాసేపు కాళ్ల మన్ను గీక్కున్నాడు. "వాడి భార్య చెప్పింది. తప్పు నీదన్నావంట. ఎందుకన్నావు?"

"తూచింది నేను. వెలుతురులో చూడాల్సింది నేను."

"నింపింది నేను. ఆ మాట వాళ్లకి చెప్పే వచ్చా. చెయ్యి తప్పలేదే, కన్ను తప్పింది." ఆ మాట అనటానికి ఆయనకి చాలాసేపు పట్టింది. "రేపట్నించి సొరుగులు నువ్వు నింపు. చీటీలు నేను చదువుతా."

"చీటీలు కూడా ఆనవు కదండీ మీకు."

బయట గుమ్మంలో నియె పెద్దమ్మ గొడుగు ముడిచి విదిలించింది.

"అయితే నన్నేం చెయ్యమంటావు? ఇంటికి పొమ్మంటావా?"

"పొట్లం తీసుకున్న ప్రతివాళ్లకీ ఎట్టా కాచాలో చెప్పండి. ఎన్ని నీళ్లు, ఎంతసేపు, ఏది ముందు. తొందర పడకుండా, వాళ్లు తిరిగి చెప్పేదాకా. నాకా తీరిక లేదు. నిన్న రేవులో చచ్చిపోయాను, చెప్పానో లేదో గుర్తు రాక."

ఆయన ఏదో గొణిగాడు. గొణుక్కుంటూనే పీట ఎత్తుకుని గుమ్మం పక్కకి జరిగాడు. అప్పటికే సూచిన్ నియె పెద్దమ్మకి పొట్లం కట్టేసింది. ఆవిడ తిట్టాల్సినవి తిట్టిపోదామని వచ్చి, మందు కూడా తీసుకుంది. పొట్లం పట్టుకుని గడప దాటబోతే గురువు తన చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఎంతసేపు కాస్తావు?"

"ముప్పై ఏళ్లనుంచి కాస్తున్నా, నాకు చెప్తావా?"

"ఎంతసేపు?"

"గంట."

"వడకట్టాక?"

ముసలామె ఆగిపోయింది. "వడకట్టాక తాగుతా. ఇంకేముంది?"

"కూర్చో," అన్నాడు గురువు.